స్లంపు 130 వచ్చినా లైను జామైంది: కడపలో పంపు కాంక్రీటును పరీక్షించిన తీరు

కాంక్రీటు నింపిన కోన్ ఎత్తితే స్లంపు, అంటే ముద్ద కుంగిన ఎత్తు, 130 మి.మీ. వచ్చింది. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు. అదే లోడు అరగంట తిరక్కుండా లైన్ పంపు (కాంక్రీటుని పైపుల్లోంచి తోసే యంత్రం) రెండో బెండులో, అంటే పైపు మలుపులో, బిగుసుకుపోయింది. క్లాంపు ఊడదీసి చూస్తే బెండు నిండా తెల్లగా, పొడిపొడిగా కంకర. సిమెంటు పాలు ఎవరో పిండేసినట్టున్నాయి. అవి జాము దాటి అవతలి పైపులోకి వెళ్లి, కింద సన్నగా బూడిదరంగు నీళ్లలా కారుతున్నాయి. అంతకుముందే పంపు ఆపరేటర్ హాపరులోకి, అంటే పంపు తొట్టిలోకి, తొంగిచూసి, "అన్నా, ఇది రాయి మాలు, లాగదు" అన్నాడు. మాలంటే కలిపిన కాంక్రీటు, రాయి మాలంటే రాయి ఎక్కువై జిగురు తక్కువైనది. మేం స్లంపు రిజిస్టరు చూపించాం. ఆయన చెప్పిందే నిజమైంది.

తర్వాతి స్లాబు నేలకి 15 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి ముందు రెండు మిక్సులు చేసి, పంపులో పోతుందా లేదా అని విడిగా పరీక్షించాం. ఆ వరుస, ఆ అంకెలే ఇక్కడ రాస్తున్నాను. కాంక్రీటు బలం గ్రేడు ఎం25, లైను పైపు వ్యాసం 125 మి.మీ., నెల మే.

ముందు పైపులో జరిగేదేమిటో చెప్పుకోవాలి. పైపు మధ్యలో కాంక్రీటు కలియదు, దిమ్మలా ఒకే ముద్దగా జారుతుంది. ఆ దిమ్మకీ పైపు గోడకీ మధ్య సిమెంటు, నీళ్లు, సన్న ఇసుక కలిసిన కొన్ని మిల్లీమీటర్ల జిగురు పొర ఉంటుంది. కదలిక అంతా ఆ పొర మీదే. పంపు తోసినప్పుడు పీడనం మొదట నీళ్ల మీద పడుతుంది. రాళ్ల సందుల్ని సన్న పదార్థం గట్టిగా పూడ్చి ఉంటే నీళ్లు తప్పించుకోలేవు, పీడనమంతా ముద్దని ముందుకి నెడుతుంది. సందులు తెరిచి ఉంటే నీళ్లు, సిమెంటు పాలు ముందుకి పరిగెడతాయి, రాళ్లు ఒకదానికొకటి ఆనుకుని పైపు గోడని పట్టుకుంటాయి. ఆ తర్వాత ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా బిగుస్తుంది. స్లంపు కోనులో పీడనమే లేదు, కాబట్టి ఈ తేడా దానికి కనబడదు. 130 స్లంపు రెండు దారుల్లో వస్తుంది: మంచి జిగురున్న మాలుతో వస్తుంది, రాయి మాలులో నీళ్లో కెమికలో ఎక్కువ పోసినా వస్తుంది.

అందుకే పరీక్ష ఇసుక జల్లెడ దగ్గరే మొదలుపెట్టాం. మేం వాడుతున్నది కడిగిన రోబో శాండ్, అంటే క్రషర్‌లో రాయిని నలగ్గొట్టి చేసిన ఇసుక. డస్టు లేదని అందరికీ నచ్చుతుంది. జల్లెడ పడితే 300 మైక్రాన్ల కింద పడింది 11 శాతమే. కంకర, ఇసుకల భారత ప్రమాణం ఐఎస్ 383లో జోన్ 2 రకం ఇసుకకి హద్దు 8 నుంచి 30, కాబట్టి కోడు ప్రకారం పాసే. పంపుకి మాత్రం చాలదు. పంపు కాంక్రీటుకి అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ చెప్పే లెక్క వేరు: ఇసుకలో 300 మైక్రాన్ల కింద 15 నుంచి 30 శాతం, 150 మైక్రాన్ల కింద 5 నుంచి 10 శాతం ఉండాలి. మాది ఆ కింది గీతకి కూడా అందలేదు. క్రషర్‌లో కడిగేటప్పుడు మట్టితో పాటు మనకి కావలసిన సన్న పొడీ పోయింది.

కంకర విషయంలో రెండే చూశాం. ఒకటి సైజు: పగలగొట్టిన కంకరైతే పెద్ద రాయి పైపు లోపలి వ్యాసంలో మూడో వంతు దాటకూడదు. 125 పైపుకి 20 మి.మీ. కంకరతో ఆ ఇబ్బంది లేదు. రెండోది ఆకారం. పలక రాళ్లు, పొడుగు రాళ్లు కలిపి ఐఎస్ 383:2016 ప్రకారం 40 శాతం దాటకూడదు. మా 20 మి.మీ. కుప్పలో 36 వచ్చింది, అంటే అంచున ఉంది. పలక రాళ్లు ఎక్కువైతే సందులు పెరుగుతాయి, వాటిని పూడ్చడానికి ఇంకా పొడి కావాలి. ఇసుకలో పొడి తక్కువ, కంకరలో పలకలు ఎక్కువ. బెండులో జామెందుకైందో సగం ఇక్కడే తేలిపోయింది.

మొదటి మిక్సు (జామైన పాతదే) ఘనపు మీటరుకి ఇదీ: సిమెంటు 270 కిలోలు, ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) 70, నీళ్లు 165, రోబో శాండ్ 747, 20 మి.మీ. కంకర 670, 12 మి.మీ. 450. మొత్తం కంకర, ఇసుకల బరువులో ఇసుక వాటా 40 శాతం. నీళ్లు పెంచకుండా స్లంపు పెంచే పీసీఈ కెమికల్, సిమెంటు, ఫ్లైయాష్‌ల మొత్తం బరువులో 0.8 శాతం.

స్లంపు తీసే పద్ధతి తెలిసిందే అనుకుంటాం గానీ తప్పులు జరిగేది అక్కడే. లోడు మొదట్లో పడే కాంక్రీటు తీసుకోకూడదు. కొంత వదిలేసి మధ్యలోది పట్టి, రేకు మీద పారతో ఒకసారి తిరగేసి కలపాలి. కోన్ ఎత్తు 300, కింద 200, పైన 100 మి.మీ. రాడ్డు 16 మి.మీ. లావు, 600 పొడవు, కొన గుండ్రంగా ఉండాలి. సైటులో చేతికందిన కడ్డీ ముక్క పనికిరాదు. కొత్త ఐఎస్ 1199 రెండో భాగం (2018) ప్రకారం మూడు పొరలు, పొరకి 25 పోట్లు. పాత అలవాటుతో నాలుగు పొరలు వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కింద కడప బండ ముక్క పెట్టడం మన దగ్గర మామూలే. అది సమంగా ఉండి, పాలిష్ పట్టినదైతే ఫరవాలేదు. గరుకు బండ అడుగున కాంక్రీటుని పట్టుకుని స్లంపుని తక్కువ చూపిస్తుంది. మేం ఇనప ప్లేటు వాడాం, తడిపి, నీళ్లు నిలవకుండా తుడిచి. కోన్ నిలువుగా, 2 నుంచి 5 సెకన్లలో ఎత్తాలి. మెలితిప్పితే ముద్ద పక్కకి జారుతుంది.

అంకె రాసుకున్నాక ఊరుకోకుండా చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. కూర్చున్న ముద్ద పక్కన ప్లేటు అంచుని రాడ్డుతో నాలుగైదు సార్లు మెల్లగా తట్టాలి. జిగురున్న మాలైతే ముద్దంతా ఒక్కసారిగా, అట్టు పరుచుకున్నట్టు కిందికి దిగుతుంది. రాయి మాలైతే ఒక వైపు విరిగిపడుతుంది, పైనున్న కంకర విడిగా దొర్లి ప్లేటు మీదికొస్తుంది, అంచు చుట్టూ నీటి గీత కనిపిస్తుంది. మొదటి మిక్సు మూడో తట్టుకే విరిగింది. ప్లేటు మీద విడిపోయిన రాళ్లు ఏడెనిమిది, వాటికి అంటిన పాలు అంతంతమాత్రం. ఇంకో సులువు పరీక్ష: పిడికెడు మాలు గ్లవ్సు తొడిగిన చేత్తో గట్టిగా పిండాలి. వేళ్ల సందుల్లోంచి పాలు చిక్కగా వస్తే మంచిది, నీళ్లలా కారి గుప్పెట్లో రాళ్లే మిగిలితే పంపుకి పంపకూడదు. వీటికి కోడు లేదు, రిపోర్టులో రాయలేం. కానీ ఆపరేటర్ హాపరులోకి చూసి చెప్పింది ఈ లెక్కనే.

రిపోర్టులో రాయగలిగిన పరీక్ష పీడనం కింద నీళ్లు వదలడాన్ని కొలిచేది. కాంక్రీటు పంపులో పోతుందో లేదో తేల్చడానికి బ్రౌన్, బాంఫోర్త్ 1977లో దీన్ని ప్రచురించారు. వాళ్లు వాడిన పీడనం 3.5 మెగాపాస్కల్. మాకు దొరికిన పరికరం చైనా పద్ధతిది, దాని పీడనం 3.2. మందపాటి స్టీలు సిలిండరు, లోపలి వ్యాసం 125, ఎత్తు 200 మి.మీ. పైన పిస్టన్, చేతి హైడ్రాలిక్ పంపు, గేజీ. కింద జల్లెడ, దాని కింద కుళాయి. కాంక్రీటుని రెండు పొరల్లో, పొరకి 25 పోట్లతో, పై అంచుకి 30 మి.మీ. తక్కువగా నింపాలి. అంటే సుమారు 2.1 లీటర్లు. పీడనం 3.2కి తెచ్చి, వెంటనే కుళాయి తెరిచి గడియారం నొక్కాలి. 10 సెకన్లకి గాజు కొలపాత్రలో ఎన్ని మిల్లీలీటర్లు, 140 సెకన్లకి ఎన్ని, ఈ రెండంకెలే కావాలి.

చూడ్డానికి సులువే గానీ ముగ్గురు కావాలి. నీళ్లు బయటికొచ్చే కొద్దీ పీడనం దిగుతుంది, కాబట్టి ఒకరు పంపు కొడుతూ గేజీని 3.2 దగ్గరే నిలపాలి. ఒకరు గడియారం చూడాలి, ఇంకొకరు 10 సెకన్ల దగ్గర పాత్ర మార్చాలి. మా మొదటి ప్రయత్నంలో పీడనం 2.5కి పడిపోయింది, ఆ రీడింగు కొట్టేశాం. కింది జల్లెడని ప్రతిసారీ కడక్కపోతే సిమెంటు పట్టి పూడుకుపోతుంది, అప్పుడు చెడ్డ మిక్సు కూడా మంచిదిలా కనిపిస్తుంది. సిలిండరు సీలు దగ్గర చుక్క కారినా లెక్క తప్పుతుంది.

మొదటి మిక్సుకి 10 సెకన్లకి 58 మి.లీ., 140 సెకన్లకి 104. అంటే రావాల్సిన నీళ్లలో 56 శాతం మొదటి పది సెకన్లలోనే వచ్చేశాయి. చైనా పంపింగు నిబంధనల ప్రకారం ఇది 40 శాతం దాటకూడదు. బ్రౌన్, బాంఫోర్త్ పద్ధతిలో చూసేది రెండింటి తేడాని. ఆ తేడా ఎంత పెద్దదైతే అంత మంచిది, ఎందుకంటే నీళ్లు నెమ్మదిగా వదిలే మాలే పైపులో నిలుస్తుంది. మాకు తేడా 46. మొత్తం నీళ్లు ఎక్కువొచ్చాయా తక్కువొచ్చాయా అని చూసి కంగారు పడక్కర్లేదు, ఎంత త్వరగా వచ్చాయన్నదే అసలు సంగతి.

ఇక మిక్సు మార్చడం. సైటులో మొదట వినిపించే సలహా "కొంచెం నీళ్లు పట్టించండి సార్" అని. అది సరిగ్గా వ్యతిరేక మందు. నీళ్లు పెరిగితే పాలు ఇంకా పలచనై ఇంకా త్వరగా పారిపోతాయి, బలం ఎటూ పోతుంది. కెమికల్ పెంచినా ఇంతే: స్లంపు పెరుగుతుంది, సందులు పూడవు. కావలసింది పొడి. మూడు మార్పులు చేశాం. ఫ్లైయాష్ 70 నుంచి 90కి పెంచాం. ఇసుక వాటా 40 నుంచి 43 శాతానికి తెచ్చాం. ఇసుకలో 30 శాతం పెన్నా ఇసుక కలిపాం. అది సన్న ఇసుక, 300 మైక్రాన్ల కింద 27 శాతం పడుతుంది. కలిపాక లెక్క: 0.7 సార్లు 11, 0.3 సార్లు 27, మొత్తం 15.8. కావలసిన 15 దాటింది.

కొత్త తూకాలు: సిమెంటు 270, ఫ్లైయాష్ 90, నీళ్లు 165, రోబో శాండ్ 554, పెన్నా ఇసుక 238, 20 మి.మీ. కంకర 610, 12 మి.మీ. 441. సిమెంటు తూకం పెరగలేదు, ఖర్చు పెరిగింది నది ఇసుక మీదే. కడగని రోబో శాండ్ కలిపితే చౌకే గానీ, దానిలో ఉన్నది రాతి పొడా బంకమట్టా అన్నది తేలాలి. రాతి పొడి పంపుకి మేలు చేస్తుంది. బంకమట్టి పీసీఈ కెమికల్‌ని పీల్చేసి అరగంటలో స్లంపుని చంపేస్తుంది. తడి అరచేతిలో రుద్ది కడిగితే జిడ్డుగా పట్టుకునేది మట్టి, గరగరలాడి పోయేది రాతి పొడి. కుప్ప కుప్పకీ మారే సరుకు గనక దాని జోలికి పోలేదు.

రెండో మిక్సు స్లంపు మళ్లీ 130 దగ్గరే. ప్లేటు తడితే విరగలేదు, గుండ్రంగా దిగింది. పీడన పరీక్షలో 10 సెకన్లకి 24, 140కి 98. 24 శాతం చిల్లర, తేడా 74. స్లంపు ఒకటే, మాలు రెండు రకాలు.

తర్వాత ఎండ పరీక్ష. కడపలో మే నెల మధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదు. ప్లాంటులో 180తో కలిపి, డ్రమ్ములో పోసి, పైన తడి గోనెపట్టా కప్పి, అరగంటకోసారి తిరగేసి స్లంపు తీశాం: 30 నిమిషాలకి 160, 60కి 135, 90కి 100. దారి 40 నిమిషాలు పడుతుంది. హాపరులో 120 కన్నా తగ్గకూడదని పెట్టుకున్నాం, కాబట్టి ప్లాంటులో నీళ్లు కలిపిన గంటా పది నిమిషాల్లోపు లోడు పంపులోకి పోవాలి. రెడీమిక్స్ కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 4926 రెండు గంటలు ఇస్తుంది గానీ ఈ ఎండలో ఈ మిక్సుకి అది చెల్లదు. ఎండల్లో కాంక్రీటు పనికి ఉన్న ఐఎస్ 7861 ప్రకారం వేసేటప్పుడు కాంక్రీటు 40 డిగ్రీలు దాటకూడదు. మాకు 35, 36 మధ్య ఉంది. దానికోసం కంకర కుప్పల మీద ముందురోజు రాత్రి నుంచే నీళ్లు చల్లించాం. దీనివల్ల ఇంకో లాభం ఉంది: ఎండిన కంకర పైపులో పీడనానికి నీళ్లు పీల్చుకుంటుంది, తడిసిన కంకర పీల్చదు. అయితే ఈ తడిని బ్యాచింగులో తగ్గించుకోవాలి. రోబో శాండ్‌లో 6 శాతం తడి ఉంటే 554 కిలోలకి దాదాపు 33 లీటర్లు. అది మరిచిపోతే పొద్దున్నే మొదటి లోడు సాంబారు.

చివరి పరీక్ష పంపే. లైను నేల మీద 45 మీటర్లు, నిలువుగా 15, పైన రబ్బరు గొట్టం 3 మీటర్లు, 90 డిగ్రీల బెండులు నాలుగు. ఒక్కో బెండు సుమారు 3 మీటర్ల తిన్నని పైపుతో సమానమని లెక్కేస్తాం. 15 మీటర్ల నిలువు కాంక్రీటు బరువే దాదాపు 3.5 బార్ పీడనం, పంపు ఆగినా అది వెనక్కి తోస్తూనే ఉంటుంది. జాయింట్లన్నీ విప్పించి రబ్బరు రింగులు చూశాం. మూడు మార్చాల్సొచ్చింది. రింగు పాడైన చోట పాలు కారితే ఎంత మంచి మాలైనా సరిగ్గా ఆ జాయింటు దాటాక జామవుతుంది. పాత జామ్‌లో మా మిక్సు తప్పెంతో, రింగు తప్పెంతో ఇప్పుడు విడదీయలేం గానీ, ఆ రెండో బెండు రింగు కూడా పగిలే ఉంది.

లైను తడపడానికి నాలుగు బస్తాల సిమెంటు, 120 లీటర్ల నీళ్లు కలిపి చిక్కటి స్లర్రీ చేశాం. దాని వెనకే గ్యాపు ఇవ్వకుండా కాంక్రీటు. స్లర్రీని పైన డ్రమ్ములో పట్టి పారేశాం, సెంట్రింగు మీద ఒకచోట గుమ్మరించకూడదు. మొదటి మాలు వచ్చేదాకా గొట్టం మూతి ముందు ఎవరినీ నిలబడనివ్వలేదు. గాలి పట్టి ఉంటే గొట్టం పాములా కొడుతుంది.

నడిచేటప్పుడు కొలిచినవి మూడు. ఒకటి గేజీ. అది చూపేది ఆయిల్ పీడనం, పైపులో కాంక్రీటు పీడనం కాదు. అందుకే అంకె కన్నా అది ఎటు పోతోందో చూడాలి. జామైన రోజు 150 బార్‌తో మొదలై, రెండో లోడులో 180, 230కి ఎక్కింది. ఇప్పుడు 130, 140 మధ్య నిలకడగా ఉంది. రెండోది స్ట్రోకుల లెక్క. ఈ పంపు సిలిండరు వ్యాసం 200 మి.మీ., స్ట్రోకు 1400, అంటే ఒక్కో తోపుకి 44 లీటర్లు. 6 ఘనపు మీటర్ల లోడుకి పూర్తిగా నిండితే 136 స్ట్రోకులు చాలు. పాత మిక్సు మొదటి లోడుకి 171 పట్టాయి, నిండింది 80 శాతమే. కొత్తదానికి 148, అంటే 92 శాతం. హాపరులో మాలు సిలిండరులోకి జారకపోతే పంపు గాలి మింగుతుంది. స్ట్రోకులు లెక్కపెట్టడానికి ఒక హెల్పరు, ఒక సుద్దముక్క చాలు. మూడోది పైన గొట్టం మూతి దగ్గర మళ్లీ స్లంపు: హాపరులో 130, పైన 115. ఆ తేడా 25 దాటితే లైనులో నీళ్లు పోతున్నాయనే అర్థం.

నాలుగో లోడు ట్రాఫిక్‌లో ఆగి పంపు 25 నిమిషాలు ఖాళీగా నిలబడింది. ఇలాంటప్పుడు హాపరు సగం నిండా మాలు ఉంచుకుని, అయిదారు నిమిషాలకోసారి రెండు స్ట్రోకులు వెనక్కి, రెండు ముందుకి ఆడించాలి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గేజీ 190 దాకా వెళ్లి, నాలుగు స్ట్రోకులకి 140కి దిగింది. దిగకపోతే బలవంతంగా ముందుకి తొయ్యకూడదు. రివర్సు రెండు మూడు స్ట్రోకులు, హాపరులో కలిపి మళ్లీ నెమ్మదిగా ముందుకి. అప్పటికీ కదలకపోతే పైపు వెంట నడవాలి: జాముకి ఇవతల పైపు ప్రతి స్ట్రోకుకీ అదురుతుంది, అవతల అదరదు. క్లాంపు ముట్టుకునేముందు రివర్సుతో పీడనం దించి తీరాలి. పీడనంతో ఉన్న క్లాంపు తెరిస్తే కాంక్రీటు తుపాకీ గుండులా వస్తుంది.

ఆఖరి లోడు చెప్పేముందు లైనులో ఉన్నది లెక్కేసుకున్నాం. 125 పైపు మీటరుకి 12.3 లీటర్లు పడుతుంది, 63 మీటర్లకి 0.77 ఘనపు మీటర్లు. ఆ మేరకి తగ్గించి తెప్పించి, పైన ఇంకా ముక్కాలు ఘనపు మీటరు పట్టే జాగా ఉండగానే హాపరు ఖాళీ చేయించి, స్పాంజి బంతి పెట్టి నీళ్లతో తోయించాం. లైనులోదంతా స్లాబులోకే పోయింది. బంతి బయటికి రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది.